కోళ్లకీ పందులకీ జబ్బు చేస్తే మందు కొనే ముందు ఏం చూడాలి?

"కోడి మెడ మెలితిప్పేస్తోంది, ఏం మందు వెయ్యాలి?" "పంది కుడితి ముట్టడం లేదు, చెవులు ఎర్రబడ్డాయి, ఏ ఇంజెక్షను చేయించాలి?" విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు షెడ్లు వేసుకున్నవాళ్ల దగ్గర్నుంచి, పాడేరు, అరకు కొండల్లో ఇంటి వెనక నాలుగు పందులు పెంచుకునేవాళ్ల దాకా అందరూ అడిగేది ఇదే. దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. మెడ మెలితిరగడం కొక్కెర తెగులులో (రాణిఖేత్ వ్యాధి) ఉంటుంది, విటమిన్ లోపంలోనూ ఉంటుంది. చెవులు ఎర్రబడటం స్వైన్ ఫీవర్ (పందుల్ని చంపే వైరస్ జ్వరం) కావచ్చు, ఉత్త ఎండదెబ్బా కావచ్చు. ఒక్క లక్షణం పట్టుకుని మందుల షాపుకి పరుగెత్తారంటే మీ డబ్బు పోతుంది, అంతకన్నా విలువైన రెండు మూడు రోజులు పోతాయి.

లెక్క, వయసు, రెట్ట, కోత (చచ్చిన కోడిని కోసి లోపల చూడటం). ఈ నాలుగూ కలిపి చూస్తేనే కోడి జబ్బు తెలుస్తుంది. పందికైతే కోత జోలికి పోకండి, థర్మామీటరు పట్టుకోండి.

దగ్గర ఉండాల్సినవి

- ఒక నోటుబుక్కు, పెన్ను. ఫోన్లో రాసుకుంటామంటారుగానీ షెడ్డులో రబ్బరు తొడుగులతో ఫోను ఎవరూ తియ్యరు. పుస్తకం తలుపు పక్కనే వేలాడదీయండి.
- రబ్బరు తొడుగులు, ఎన్‌-95 మాస్కు, షెడ్డుకి మాత్రమే వాడే చెప్పులు లేదా గమ్‌బూట్లు.
- డిజిటల్ థర్మామీటరు. దీన్ని పందులకే ఉంచండి.
- పదునైన కత్తెర, చిన్న కత్తి, పాత ట్రే.
- మందపాటి పాలిథిన్ సంచులు, థర్మాకోల్ డబ్బా, ఐసు ప్యాకులు.
- సున్నం, బ్లీచింగ్ పౌడరు, కాస్టిక్ సోడా.
- మీ రైతు సేవా కేంద్రం పశుసంవర్ధక సహాయకుడి నంబరు, దగ్గరి పశువైద్యుడి నంబరు. సంచార పశువైద్య వాహనం కావాలంటే 1962కి ఫోన్ చెయ్యవచ్చు, అది ఉచితం.

1. ముందు లెక్క చూడండి

జబ్బు కోడిలో కనిపించక ముందే పుస్తకంలో కనిపిస్తుంది. రోజూ మూడు అంకెలు రాయండి: ఎన్ని చచ్చాయి, ఎంత దాణా తిన్నాయి, ఎన్ని నీళ్లు తాగాయి.

మామూలు రోజుల్లో కోళ్లు తిన్న దాణా బరువుకి రెండింతల నీళ్లు తాగుతాయి. నాలుగో వారంలో వెయ్యి బ్రాయిలర్లు 130 కిలోల దాణా తింటే 260 లీటర్ల నీళ్లు అయిపోవాలి. మే నెలలో ఇది మూడింతలకీ, అంతకు పైకీ వెళ్తుంది. ట్యాంకులో నీళ్లు ఉన్నట్టుండి మిగిలిపోయాయంటే, మిగతావన్నీ బాగున్నట్టే కనిపించినా, ఒకటి రెండు రోజుల్లో ఏదో బయటపడబోతోందని అర్థం. ముందుగా నిపిల్ పైపుల్లో గాలి గానీ పాచి గానీ అడ్డుపడిందేమో చూడండి. పైపు బాగుంటే కోళ్ల మీద కన్నేసి ఉంచండి.

మొదటి వారం దాటిన బ్రాయిలర్లలో వెయ్యికి రోజుకి ఒకటి చావడం మామూలే. నిన్న ఒకటి, ఈరోజు మూడు, రేపు ఎనిమిది అయితే అది జబ్బు. రోజూ మూడేసి, ఒకే లెక్కన వారం పాటు చస్తుంటే అంటుజబ్బు కన్నా నిర్వహణ లోపాన్నే ముందు అనుమానించాలి.

2. లోపలికి వెళ్లకుండా గుమ్మంలో నిలబడి చూడండి

తెల్లవారుజామున వెళ్లండి. తలుపు దగ్గర రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. మీ అడుగుల చప్పుడికి జబ్బు కోడి కూడా లేచి ఆరోగ్యంగా ఉన్నట్టు నటిస్తుంది. వేటాడే జంతువుకి దొరక్కుండా బలహీనతను దాచుకోవడం పక్షుల స్వభావం. రెక్కలు వేలాడేసినవి, కళ్లు మూసుకుని ముడుచుకున్నవి, గోడ వారన గుంపుగా ఉన్నవి ఏవో గుర్తుపెట్టుకోండి.

రాత్రి తొమ్మిది దాటాక లైట్లు ఆపి మళ్లీ వినండి. గుర్‌గుర్ అని గురక, తుమ్ములు వినిపిస్తే శ్వాస జబ్బు మొదలైనట్టే. పగలు ఫ్యాన్ల హోరులో అది వినపడదు. షెడ్డులోకి అడుగుపెట్టగానే మీ కళ్లు మండితే మాత్రం మందు మాట పక్కన పెట్టండి. అది అమోనియా ఘాటు. తెరలు ఎత్తి గాలి ఆడనివ్వకుండా ఎన్ని యాంటీబయాటిక్‌లు కలిపినా ఆ గురక తగ్గదు.

3. ఇక్కడ ఆగిపోవాలి

కింది వాటిలో ఏది కనిపించినా ముట్టుకోకండి, కొయ్యకండి, అమ్మకండి. ఫోను చేసి కూర్చోండి.

- కోళ్లు ఒక్కరోజులో కుప్పలుగా చావడం, తురాయి, తమ్మెలు నీలంగా మారడం, తల వాచడం, కాళ్ల పొలుసుల కింద ఎర్రటి రక్తపు మచ్చలు. ఇది బర్డ్ ఫ్లూ కావచ్చు.
- పెద్ద పందులూ పిల్లలూ తేడా లేకుండా తీవ్రమైన జ్వరం, చెవులు, పొట్ట, తొడల మీద ఎర్రటి లేదా ఊదా రంగు మచ్చలు, నాలుగైదు రోజుల్లోనే చావులు. ఇది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కావచ్చు, మామూలు స్వైన్ ఫీవరూ కావచ్చు. రెండింటినీ కంటితో చూసి విడదీయడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా అసాధ్యం. ల్యాబే చెప్పాలి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలింది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మన దేశంలోకి 2020లో ఈశాన్య రాష్ట్రాల మీదుగా వచ్చింది. అది మనుషులకి సోకదు, కానీ పందుల్లో మాత్రం మందకు మందే తుడిచిపెట్టుకుపోతుంది. రెండు జబ్బులనీ ఖాయంగా నిర్ధారించేది భోపాల్‌లోని జాతీయ సంస్థ. తేలితే చుట్టూ కిలోమీటరు మేర వ్యాధి ప్రాంతంగా, పది కిలోమీటర్ల మేర నిఘా ప్రాంతంగా ప్రకటిస్తారు.

చాలామంది భయపడి దాచేస్తారు. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఇలాంటి జబ్బుల సమాచారం ఇవ్వడం యజమాని బాధ్యత. ఇంకో సంగతి: పరిహారం ఇచ్చేది ప్రభుత్వం లెక్కపెట్టి చంపించిన వాటికే, అప్పటికే చచ్చిపోయిన వాటికి కాదు. దాచిన ప్రతి రోజూ మీ పరిహారం తగ్గుతూ పోతుంది.

4. రెట్ట చూడండి, వయసుతో కలిపి చదవండి

లిట్టరు (షెడ్డు నేల మీద పరిచే ఊక) మీద కాకుండా పాత న్యూస్‌పేపరు నాలుగు చోట్ల పరిచి గంట తర్వాత చూస్తే రంగు సరిగ్గా తెలుస్తుంది. గోధుమ రంగు ముద్ద, దాని మీద తెల్లటి టోపీ ఉంటే అది ఆరోగ్యం. రోజుకి కొన్నిసార్లు బెల్లం పాకంలా జిగటగా వచ్చే రెట్ట కూడా మామూలే, అది చూసి కంగారు పడకండి.

పచ్చటి నీళ్ల విరేచనం, నోరు తెరిచి ఊపిరి తియ్యడం, ఆ తర్వాత మెడ మెలితిరగడం, కాళ్లు రెక్కలు చచ్చుబడటం వరసగా వస్తే కొక్కెర తెగులు. ఏ వయసుకైనా వస్తుంది. టీకా లేని నాటుకోళ్లలో దాదాపు అన్నీ పోతాయి. గుడ్లు పెట్టేవాటిలో గుడ్లు ఒక్కసారిగా పడిపోతాయి, పెంకు మెత్తబడుతుంది. మెడ తిరిగిన కోళ్లు ఒకటి రెండే ఉండి, చావులు లేకుండా, దాణా బాగా తింటుంటే కొక్కెర కన్నా విటమిన్ లోపానికే అవకాశం ఎక్కువ.

మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో తెల్లటి నీళ్ల రెట్ట, వణుకు, తన గుదాన్ని తానే పొడుచుకోవడం ఉంటే గంబోరో అనే వైరస్ జబ్బు. దీని నడక విచిత్రంగా ఉంటుంది: మూడు నాలుగు రోజులు చావులు చుక్కలనంటి, ఆరేడు రోజులకి వాటంతటవే దిగిపోతాయి. నాలుగో రోజు ఎవరో ఇచ్చిన పొడి కలిపినవాళ్లు ఆ పొడికే జబ్బు తగ్గిందని నమ్మి, ఊరంతా దాన్నే కొనిపిస్తారు. వైరస్‌కి యాంటీబయాటిక్ పని చెయ్యదు.

రక్తం కలిసిన రెట్ట, పాలిపోయిన తురాయి, తడి లిట్టరు మూడూ ఉంటే కాక్సిడియోసిస్, అంటే పేగుల్లో పరాన్నజీవి జబ్బు. మనకి జూన్ నుంచి తుపానుల కాలం దాకా ఇదే పెద్ద బెడద. లిట్టరు గుప్పిట్లో పిసికి వదలండి. ఉండలా నిలిచిపోతే తడి ఎక్కువ; వదలగానే నెమ్మదిగా విడిపోతే సరిగ్గా ఉంది. వైద్యుడు నిర్ధారించాక సాధారణంగా 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున అయిదు రోజులు ఇస్తారు. ఆ అయిదు రోజులూ బీ విటమిన్ టానిక్ ఆపేయాలి. ఆంప్రోలియం పరాన్నజీవికి బీ1 విటమిన్ అందకుండా అడ్డుపడే మందు కాబట్టి, టానిక్ కలిపితే మందు పని అక్కడితో సరి. తడి లిట్టరు తీసి పొడి ఊక వెయ్యకపోతే జబ్బు మళ్లీ వస్తుంది.

ఒక పక్క ముఖం వాచి, ముక్కు నుంచి దుర్వాసనతో చీమిడి కారితే కొరైజా అనే బాక్టీరియా జలుబు. తురాయి, కళ్ల చుట్టూ పొక్కులు కట్టి నల్లటి పెచ్చులైతే అమ్మతల్లి (కోళ్ల మశూచి). ఇది దోమలతో పాకుతుంది. నోట్లో తెల్లటి పొర కడితే కోడి తినలేక చస్తుంది. మూడు నెలలు దాటిన పెట్టల్లో ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాపి పడిపోతే మారెక్స్ అనే వైరస్ జబ్బు. దానికి వైద్యం లేదు, పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే హేచరీలో టీకా పడి ఉండాలి.

ఎండదెబ్బా, జబ్బా? ఏప్రిల్, మే నెలల్లో విశాఖ చుట్టుపక్కల ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఎండకు చచ్చేవి బాగా బరువెక్కిన కోళ్లు, అదీ మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి లోపు. కోస్తే రొమ్ము మాంసం ఉడకబెట్టినట్టు పాలిపోయి ఉంటుంది. జబ్బుతో చచ్చేవి ఎక్కువగా చిక్కినవి, పొద్దున్నే కూడా కనిపిస్తాయి. మన గాలిలో తేమ ఎక్కువ. ఫ్యాన్లు లేకుండా ఫాగర్లు (నీటి తుంపర్లు చల్లేవి) ఒక్కటే వదిలితే షెడ్డు ఆవిరి గదిలా మారి చావులు ఇంకా పెరుగుతాయి. ముందు గాలి, తర్వాతే నీళ్లు.

5. కోసి చూడటం, కోళ్లకు మాత్రమే

మూడో అంచెలో చెప్పినవేవీ లేవని గట్టిగా తేలాకే. వీలైతే వైద్యుడి చేతే చేయించండి. ఈ వేడికి కోడి చచ్చిన నాలుగైదు గంటల్లోనే లోపల పచ్చబడిపోతుంది. రాత్రి చచ్చిన కోడిని మధ్యాహ్నం కోసి "కార్జం చెడిపోయింది" అనుకోవడం తప్పు. మొదట్నుంచీ గిడసబారిన కోడిని కాకుండా నిన్నటిదాకా బాగున్నవాటినే ఎంచుకోండి. కనీసం మూడు కొయ్యండి. ఒక్క కోడి ఎప్పుడూ మోసం చేస్తుంది.

ఈకలు సబ్బునీళ్లతో తడిపి, తొడలు విరిచి వెల్లకిలా పరచండి. చూడాల్సిన చోట్లు ఇవి:

- తొడ కండరం మీద ఎర్రటి చారలు. పేగు చివర, గుదానికి పైన చిన్న గోళీలా ఉండే బర్సా గ్రంథి ఉబ్బి, జిగురు పట్టి, లోపల రక్తపు మరకలు ఉంటే గంబోరో.
- కందనకాయకు ఆనుకుని పైన ఉండే మెత్తటి పొట్టను చీల్చి కడగండి. లోపలి బుడిపెల కొనల మీద ఎర్రటి చుక్కలుంటే కొక్కెర అనుమానం బలపడుతుంది. ఇలాంటి చుక్కలు బర్డ్ ఫ్లూలోనూ ఉంటాయి. కాబట్టి చావులు జోరుగా ఉండి ఈ చుక్కలు కనిపిస్తే కత్తెర అక్కడే దించేసి ఫోను చెయ్యండి.
- పేగు చివర జంటగా ఉండే గుడ్డి పేగులు రక్తంతో నిండి ఉబ్బితే కాక్సిడియోసిస్.
- గుండె, కార్జం మీద మీగడలా తెల్లటి పొర, గాలి సంచులు మసకబారడం ఉంటే సీఆర్‌డీ (దీర్ఘకాలిక శ్వాస జబ్బు), దాని మీద ఈ-కోలై బాక్టీరియా.
- కార్జం ఉబ్బి, పసుపుపచ్చగా, వేలు పెడితే పొడిపొడి అయ్యేలా ఉంటే బూజు విషం. వానాకాలంలో తడిసిన మొక్కజొన్న చూసుకోండి. ఇది ఉన్న మందలో టీకాలు కూడా సరిగ్గా పట్టవు.

6. పందులు: థర్మామీటరుతో మొదలు

ఉదయం చల్లటి వేళ, తరమకుండా, మేత తింటున్నప్పుడు వెనక నుంచి గుదంలో పెట్టి మోగేదాకా ఉంచండి. పందికి 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. ఉరుకులు పెట్టించి పట్టుకున్న పందికి 104 వచ్చినా జ్వరం కాదు. 105 దాటితే జ్వరమే. ఒక్కదానికి కాదు, మేత తినని దానికీ, తింటున్న మూడింటికీ చూడండి. తింటున్నవాటికి కూడా జ్వరం ఉంటే అంటుజబ్బు మంద అంతా పాకుతోందని అర్థం.

స్వైన్ ఫీవర్‌లో పందులు ఒకదాని మీద ఒకటి పడి ముడుచుకుంటాయి, ముందు మలబద్ధకం, తర్వాత విరేచనం, వెనక కాళ్లు తూలడం. దీనికి టీకా ఉంది, రెండు మూడు నెలల వయసులో వేయించి వైద్యుడు చెప్పిన లెక్కన మళ్లీ వేయించాలి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కి మన దగ్గర టీకా లేదు. ఉన్న దారి ఒక్కటే, రానివ్వకపోవడం.

చర్మం మీద డైమండ్ ఆకారంలో ఉబ్బెత్తు మచ్చలు, తీవ్ర జ్వరం ఉంటే ఎరిసిపెలాస్ అనే బాక్టీరియా జబ్బు. వైద్యుడు పెన్సిలిన్ వేస్తే ఒకటిన్నర రోజుల్లో తేడా తెలుస్తుంది. చేతి మీద గాయం ఉంటే మనకీ అంటుతుంది. ముట్టె మీద, గిట్టల మధ్య బొబ్బలు, హఠాత్తుగా కుంటడం ఉంటే గాలికుంటు. చెవి లోపల పెచ్చులు కట్టి, గోడకేసి రుద్దుకుంటే గజ్జి. ఒక శాతం ఐవర్‌మెక్టిన్ 33 కిలోలకి ఒక మిల్లీలీటరు చర్మం కింద, రెండు వారాలకి మళ్లీ. పాలు తాగే పిల్లలు తెల్లబడి, చిన్న పరుగుకే ఆయాసపడితే రక్తహీనత. మూడో రోజునే 200 మిల్లీగ్రాముల ఐరన్ ఇంజెక్షను వేయించి ఉంటే ఇది రాదు.

హోటల్ మిగుళ్లు పెట్టేవాళ్లు రెండు విషయాలు గట్టిగా పట్టించుకోవాలి.

మొదటిది, పచ్చి మిగుళ్లు వద్దు. పొయ్యి మీద పొంగొచ్చాక గంటసేపు, అడుగు నుంచి కలియబెడుతూ ఉడకబెట్టాలి. పంది మాంసం ముక్క ఒక్కటి పచ్చిగా వెళ్లినా స్వైన్ ఫీవర్లు రెండూ దాని మీదే వస్తాయి. పచ్చి మిగుళ్లు తెచ్చిన డ్రమ్ము, ఉడికింది పెట్టే బకెట్టు వేరువేరుగా ఉండాలి. చాలామంది బాగా ఉడికించి, మళ్లీ అదే డ్రమ్ములో పోస్తారు.

రెండోది, ఉప్పు. పచ్చళ్లు, అప్పడాలు, సాంబారు కలిసిన మిగుళ్లు తిని, తొట్టిలో నీళ్లు అయిపోతే మర్నాటికి పంది గుడ్డిదానిలా గోడకి తల ఆనించి నిలబడుతుంది, గుండ్రంగా తిరుగుతుంది, కుక్కలా వెనక కాళ్ల మీద కూర్చుని తల వెనక్కి విరుచుకుని ఫిట్స్ తెచ్చుకుంటుంది. అందరూ మెదడు జబ్బు అనుకుంటారు. జ్వరం లేకపోతే, ముందు నీళ్ల తొట్టి చూడండి. అలాంటి పందికి ఒక్కసారిగా కడుపునిండా నీళ్లు పెడితే మెదడు వాచి చస్తుంది. గంటకోసారి కొద్దికొద్దిగా ఇస్తూ వైద్యుణ్ని పిలవండి.

7. నమూనా పంపడం

కోళ్లయితే జబ్బుగా ఉన్న రెండు మూడు బతికినవి, అప్పుడే చచ్చిన రెండు మూడు. చచ్చినవాటిని రెండు సంచుల్లో కట్టి, ఐసు ప్యాకుల మధ్య పెట్టి, అదే రోజు వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకి చేర్చాలి. డీప్ ఫ్రీజరులో గడ్డకట్టించకండి, అవయవాలు పరీక్షకి పనికిరావు. మందు మొదలెట్టక ముందే నమూనా తియ్యాలి. పుస్తకంలోని లెక్కల కాగితం, వేసిన టీకాల తేదీలు జత చేయండి, అది లేకపోతే ల్యాబువాళ్లు సగం చీకట్లో వెతుకుతారు. బర్డ్ ఫ్లూ, స్వైన్ ఫీవర్ అనుమానమైతే మీరు తీసుకెళ్లకండి, శాఖ సిబ్బందే వచ్చి తీసుకోవాలి.

8. వేరు చెయ్యడం, పూడ్చడం

జబ్బువాటికి దాణా పెట్టే మనిషి వేరుగా ఉండాలి. కుదరకపోతే ఆరోగ్యంగా ఉన్నవాటి పని ముగించాకే జబ్బువాటి దగ్గరికి వెళ్లాలి. సంతలో కొన్న కోడినీ పందినీ 21 రోజులు విడిగా ఉంచండి. సంక్రాంతి తర్వాత ఊళ్లలో కొక్కెర లేవడానికి సంత నుంచి నేరుగా గంప కిందకి చేరిన ఒక్క పుంజు చాలు.

చచ్చినవాటిని గెడ్డలో (వాగులో), కాలవలో పారెయ్యకండి. బావికి, గెడ్డకి దూరంగా, ఊట నీరు తగలని లోతులో గొయ్యి తీసి, సున్నం, కళేబరాలు, మళ్లీ సున్నం వేసి, పైన కనీసం మూడడుగుల మట్టి కప్పండి. లేకపోతే కుక్కలు తవ్వుతాయి. పందుల దొడ్డి కడగడానికి లీటరుకి 20 గ్రాముల కాస్టిక్ సోడా చేతి తొడుగులతో వాడండి. పెంట, మట్టి తుడిచాకే మందునీళ్లు పొయ్యాలి. పెంట మీద పోసిన బ్లీచింగ్ నిమిషాల్లో బలం కోల్పోతుంది.

9. టీకా వేసినా జబ్బెందుకు వచ్చింది?

ఎక్కువసార్లు తప్పు టీకాది కాదు, నీళ్లది. కొళాయి నీళ్లలోని క్లోరిన్ లాసోటా (కొక్కెరకి వేసేది), గంబోరో టీకాలను చంపేస్తుంది. క్లోరిన్ లేని నీళ్లు తీసుకుని, లీటరుకి 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, ఆ తర్వాత టీకా కలపండి. ముందు గంట, గంటన్నర నీళ్లు ఆపండి. రెండు గంటల్లో తాగించెయ్యండి. సరిగ్గా అందిందో లేదో చూడాలంటే టీకాతో అమ్మే నీలిరంగు మాత్ర కలిపి, తర్వాత వంద కోళ్ల నోరు తెరిచి చూడండి. తొంభైకి పైగా నాలుకలు నీలంగా ఉండాలి. మూలల్లో ఉన్న కోళ్లనే చూడండి, టీకా తప్పిపోయేది అక్కడే.

బ్రాయిలర్లకు వాడుకలో ఉన్న వరస: 5–7 రోజుల్లో లాసోటా కంటి చుక్క, 12–14 రోజుల్లో గంబోరో, 21–28 రోజుల్లో మళ్లీ లాసోటా. నాటుకోళ్లకి వీటితో పాటు ఆరో వారం అమ్మతల్లి టీకా, ఎనిమిదో వారం కొక్కెరకే వేసే ఆర్‌2బీ టీకా ఇంజెక్షను. దానికి వారం ముందు నట్టల మందు.

10. మందు పనిచేస్తోందా?

మొదలెట్టిన రోజు నుంచి చూడాల్సింది చావులు కాదు, నీళ్లు. 48 గంటల్లో నీళ్లు, దాణా పెరగకపోతే మందు తప్పు, లేదా జబ్బు పేరు తప్పు. ఆ మందు మీద ఇంకో మందు కలపకండి, వైద్యుణ్ని మళ్లీ అడగండి. తగ్గింది కదా అని మూడో రోజే ఆపడమూ తప్పే. కోలిస్టిన్‌ను పశువులకీ కోళ్లకీ వాడకూడదని 2019లోనే కేంద్రం నిషేధించింది, పాత స్టాకు ఎవరైనా ఇస్తే తీసుకోకండి. ప్రతి మందు సీసా మీద అమ్మకానికి ముందు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది, ఆ తేదీ పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాయండి.

జబ్బు కోళ్లనీ పందులనీ పట్టుకున్న పది రోజుల్లో మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఆసుపత్రిలో మొదటి మాటగా "మాకు ఫారం ఉంది, అందులో చావులు జరిగాయి" అని చెప్పండి. డాక్టరుగారు అడిగేదాకా ఆగకండి.